రెండు దరఖాస్తులు... ఒక్క అమ్మాయి!

మొన్న ఒక ఆదివారం, నా దగ్గర డిగ్రీలో కామర్స్ చదువుకున్న అమ్మాయి ఇంటికొచ్చింది. వాళ్ల ఊరు చర్ల అవతల. భద్రాచలానికి దాదాపు 60 కిలోమీటర్లు. మంచినీళ్లు తాగి, చేతిసంచిలోంచి నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించిన రెండు దరఖాస్తులు తీసి టీపాయ్ మీద పెట్టింది. ఒకటి ఖమ్మంలో రెగ్యులర్ ఎం.కాం.కి. రెండోది దూరవిద్యలో ఎం.బి.ఎ.కి.

“రెండూ ఒకేసారి చేసేద్దామనుకుంటున్నా మేడం. ఇప్పుడు పర్మిషన్ ఉందంట కదా!” అంది ఉత్సాహంగా.

నేను వెంటనే అవుననలేదు, కాదనలేదు. ఎందుకంటే ఈ ప్రశ్న ఆ అమ్మాయి ఒక్కదానిదే కాదు. అంతకు వారం ముందే సారపాకలో ఉండే ఒకావిడ, ఇద్దరు పిల్లల తల్లి, ఇదే సంగతి అడిగింది. ఆవిడైతే రెండూ దూరవిద్యలోనే కడతానంటోంది. ‘ఆడపిల్లకు అంత చదువెందుకు’ అనే మాట విన్న రోజుల నుంచి, ‘ఒక పీజీ చాలా, రెండు చేయనా’ అని ఆడవాళ్లే ఆలోచించే రోజులకు ఈ అడవి అంచు ఊళ్లు వచ్చాయంటే సంతోషించాల్సిందే. కానీ సంతోషం వేరు, సలహా వేరు. సలహా ఇచ్చేముందు లెక్క చూసుకోవాలి. కామర్స్ పాఠాలు చెప్పేదాన్ని, ఆ మాత్రం లెక్క చూడకపోతే ఎలా?

పర్మిషన్ సంగతి

మా చదువుల కాలంలో ఒకేసారి రెండు డిగ్రీలంటే ఒప్పుకొనేవారు కాదు. ఒకటి పూర్తయ్యాకే రెండోది. 2022 ఏప్రిల్ 12న యు.జి.సి. అప్పటి అధ్యక్షుడు, మన నల్లగొండ జిల్లాకు చెందిన మామిడాల జగదీశ్ కుమార్ గారు, విద్యార్థులు ఒకేసారి రెండు కోర్సులు చేయవచ్చని ప్రకటించారు. మార్గదర్శకాలు ఆ వెంటనే వచ్చాయి. 2020 నాటి జాతీయ విద్యావిధానం దీనికి మూలం.

ఆ మార్గదర్శకాల ప్రకారం మూడు రకాల వీలుంది. తరగతుల వేళలు ఒకదానికొకటి అడ్డం రాకుండా ఉంటే రెండూ రెగ్యులర్‌గా చదవొచ్చు. ఒకటి రెగ్యులర్‌గా, రెండోది దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో చేయవచ్చు. లేదా రెండూ దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో కానివ్వచ్చు. పిహెచ్.డి.కి మాత్రం ఇది వర్తించదు. దూరవిద్య కోర్సయితే అది యు.జి.సి. గుర్తించిన సంస్థదే అయ్యుండాలి. ఎం.బి.ఎ. విషయంలో ఎ.ఐ.సి.టి.ఇ. ఆమోదం కూడా చూసుకోవాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. యు.జి.సి. వీలు కల్పించింది గానీ, ఎలా అమలు చేయాలో తేల్చుకునే పని విశ్వవిద్యాలయాల పాలకమండళ్లకే వదిలింది. అందుకని పేపర్లో చదివాం కదా అని ఫీజు కట్టేయకూడదు. మీరు చేరబోయే రెండు చోట్లా ఆఫీసుకు వెళ్లి అడగాలి. మన దగ్గరుండే టి.సి. ఒక్కటే. రెండు చోట్లా ఒరిజినల్ కావాలంటే ఏం చేస్తారు? ముందే అడిగి, కుదిరితే కాగితం మీద రాయించుకుంటే తర్వాత ఏడవాల్సిన పని ఉండదు.

ఫీజు మాట కూడా ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ దూరవిద్య కోర్సులకు రాదు. అంటే రెండో డిగ్రీ డబ్బు ఇంట్లోంచే రావాలి. మిర్చి ధర బాగున్న ఏడాది అది పెద్ద మొత్తం అనిపించదు. ధర పడిపోయిన ఏడాది అదే ఫీజు ఇంట్లో గొడవవుతుంది. ఆ గొడవలో ముందు ఆగిపోయేది తమ్ముడి చదువు కాదు, అక్క చదువు! ఈ మాట అనుభవంతోనే రాస్తున్నాను.

రెండూ ఒక ఇంటి పిల్లలే

ఇక అసలు సంగతికొద్దాం. ఎం.కాం., ఎం.బి.ఎ. రెండూ వ్యాపార శాస్త్రపు పీజీలే. అక్కాచెల్లెళ్లలాంటివి. రెండిటి సిలబస్‌లూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. మేనేజ్‌మెంట్ సూత్రాలు అక్కడా ఇక్కడా ఉంటాయి. మేనేజీరియల్ ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, మార్కెటింగ్, ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ పేర్లు అటూ ఇటూ కనిపిస్తూనే ఉంటాయి. తేడా ఉన్నది లోతులో. ఎం.కాం. అకౌంట్లు, పన్నులు, ఆడిటింగు, కాస్టింగులోకి లోతుగా తీసుకెళుతుంది. ఎం.బి.ఎ. ఒక సంస్థను నడిపేవాళ్లు నిర్ణయాలు ఎలా తీసుకుంటారో, మనుషులతో పని ఎలా చేయిస్తారో చూపిస్తుంది. ప్రాజెక్టు పని దానికి ప్రాణం.

విదేశాల్లో రెండు బిజినెస్ డిగ్రీలు కలిపి చేసేవాళ్లు చాలాకాలంగా ఉన్నారు. యూరప్‌లో 1988లో మొదలైన సి.ఇ.ఎం.ఎస్. అనే విద్యాసంస్థల కూటమి ఉంది. మన దేశం నుంచి కలకత్తా ఐ.ఐ.ఎం. అందులో సభ్యురాలు. విద్యార్థి తన సొంత సంస్థలో పీజీ చేస్తూనే, దానితోపాటు ఈ కూటమి ఇచ్చే అంతర్జాతీయ మేనేజ్‌మెంట్ మాస్టర్స్ కూడా పూర్తిచేసేలా దాన్ని అల్లారు. అమెరికాలో ఎం.బి.ఎ.తో కలిపి ఇంకో మాస్టర్స్ ఇచ్చే విశ్వవిద్యాలయాల్లో కొన్ని పేపర్లు రెండు డిగ్రీలకూ లెక్కలోకి వస్తాయి. అందుకే విడివిడిగా చేస్తే పట్టే కాలం కంటే తక్కువలో ముగుస్తాయి.

మన దగ్గర వచ్చిన వీలు అలాంటిది కాదు. ఎం.కాం. ఒక చోట, ఎం.బి.ఎ. మరో చోట. ఇక్కడ రాసిన స్టాటిస్టిక్స్ అక్కడ పనికి రాదు. అదే పాఠం రెండుసార్లు చదవాలి, రెండుసార్లు అసైన్‌మెంట్ రాయాలి, రెండు హాల్‌టికెట్లతో రెండు పరీక్షలకు కూర్చోవాలి.

వారానికి 46 గంటలు

ఇప్పుడు కాలం లెక్క. రెండేళ్ల పీజీ అంటే సుమారు 80 క్రెడిట్లు. దూరవిద్యలో ఒక క్రెడిట్‌కు 30 గంటల చదువు అని లెక్క. అంటే మొత్తం 2400 గంటలు. రెండేళ్లలో 104 వారాలు. భాగిస్తే వారానికి 23 గంటలు. రెండు డిగ్రీలకు 46 గంటలు! పండగలు, పెళ్ళిళ్లు, జ్వరాలు ఏవీ మినహాయించకుండానే ఇంత తేలింది.

సారపాక ఆవిడకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. 46 గంటలంటే ఒక పూర్తి ఉద్యోగం. తెల్లవారుజామున లేచి వంట, పిల్లల బాక్సులు, మొగుడి షిఫ్టు, మధ్యాహ్నం అత్తగారి మందులు, సాయంత్రం పిల్లల హోంవర్కు... ఈ ఉద్యోగం ఆవిడకు ఇప్పటికే ఉంది. దీని పక్కన ఇంకో పూర్తి ఉద్యోగం పెడితే తగ్గేది ఏమిటి? నిద్ర! ఇంట్లో ఎవరూ “నీ పని మేం చేస్తాం, నువ్వు చదువుకో” అనలేదట. “చదువుకో, మాకేం అభ్యంతరం లేదు” అన్నారట. ఈ రెండు మాటలకూ మధ్య ఎంత దూరముందో ఈ పేజీ చదివే ఆడవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

చర్ల అమ్మాయి సంగతి వేరు. ఖమ్మంలో హాస్టల్లో ఉంటుంది కాబట్టి వంటింటి బాధ లేదు. కానీ దారి బాధ ఉంది. భద్రాచలం నుంచి ఖమ్మానికి సుమారు 120 కిలోమీటర్లు. దూరవిద్య తరగతులు సాధారణంగా సెలవు రోజుల్లోనే పెడతారు. ఎం.కాం. వారమంతా, ఎం.బి.ఎ. ఆదివారం అయితే ఇంటికి ఎప్పుడు వెళుతుంది? తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. అది పెద్ద మేలే, కాదనను. బస్సులో గడిచిపోయే గంటలను మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వరు.

మన గోదావరి సంగతి కూడా మరిచిపోకూడదు. 2022లో ఏప్రిల్‌లో ఈ రెండు డిగ్రీల కబురు వచ్చింది. అదే ఏడాది జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. అలాంటప్పుడు దుమ్ముగూడెం, చర్ల దారులు మునిగి, ఊళ్లకు ఊళ్లే తెగిపోతాయి. ఒక పరీక్ష తప్పితేనే ఇక్కడి పిల్లకు ఆరు నెలలు పోతాయి. రెండు కోర్సుల పరీక్షలు ఒకే వానాకాలంలో పెట్టుకుంటే?

రాష్ట్రాల సరిహద్దు మరో చిక్కు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, ఆనుకుని ఉన్న ఎటపాక అవతలి రాష్ట్రానికి వెళ్లింది. ఎటపాక పిల్లకు భద్రాచలం పక్క వీధిలాగే ఉంటుంది. కానీ స్థానికత, స్కాలర్‌షిప్ కాగితాలు అడిగినప్పుడు ఆ పక్క వీధి వేరే రాష్ట్రం! ఇలాంటి చోట ఒక్క కోర్సుకు కాగితాలు కూర్చుకోవడమే ఒక పని.

ఏ తలుపుకు ఏ తాళంచెవి?

“ఎం.కాం. ఎందుకమ్మా?” అనడిగాను.

“లెక్చరర్ అవుదామని మేడం.”

“మరి ఎం.బి.ఎ.?”

“అది కూడా ఉంటే మంచిదే కదా మేడం...” అని ఆగిపోయింది.

మొదటి జవాబు జవాబే. జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పాలంటే ఎం.కాం. కావాలి. డిగ్రీ కాలేజీకి వెళ్లాలంటే నెట్ గానీ సెట్ గానీ పాసవ్వాలి. యు.జి.సి. నెట్ రాయడానికి పీజీలో 55 శాతం మార్కులుండాలి. ఎస్.సి., ఎస్.టి., క్రీమీలేయర్‌లో లేని బి.సి. విద్యార్థులకైతే 50 శాతం. ఇక్కడే అసలు ప్రమాదం. రెండు పడవల మీద కాళ్లు పెట్టి, ఎం.కాం.లో 48 శాతంతో గట్టెక్కితే లెక్చరర్ తలుపు మూసుకుపోయినట్టే. పక్కన ఎం.బి.ఎ. ఉన్నా ఆ తలుపు తెరవలేదు. బయోడేటాలో రెండు డిగ్రీలు చూసి మురిసిపోవచ్చు గానీ, ఉద్యోగం ఇచ్చేవాడు ముందు చూసేది మార్కుల కాలమ్.

రెండో జవాబు జవాబు కాదు. ‘ఉంటే మంచిదే’ అని స్టీలు గిన్నెలు కొంటాం, డిగ్రీలు కొనకూడదు. బ్యాంకు పి.ఒ. పరీక్షకు, గ్రూప్స్ పరీక్షలకు మామూలు డిగ్రీ చాలు. వాటికోసం పీజీ మీద పీజీ చేయక్కర్లేదు. ఏ సంస్థ నోటిఫికేషన్ వచ్చినా అందులో అర్హత అని రాసిన రెండు లైన్లు చదివితే, మనకు కావాల్సింది ఎం.బి.ఎ.నా, ఎం.కాం.నా, సి.ఎం.ఎ.నా, ఏదీ కాదా అన్నది తెలిసిపోతుంది. ముందు ఆ లైన్లు చదవాలి, తర్వాత దరఖాస్తు నింపాలి. మన పిల్లలు దీన్ని తలకిందులు చేస్తున్నారు.

కాసేపు ఊరుకుని, ఆ అమ్మాయే మెల్లగా అసలు మాట చెప్పింది. “చదువుతున్నంత కాలం సంబంధాలు చూడరు మేడం. ఒకటే కోర్సంటే, ఖాళీగానే ఉంది కదా, పెళ్లయ్యాక కూడా చదువుకోవచ్చులే అంటున్నారు. రెండంటే నిజంగానే తీరిక లేదనుకుంటారు.”

నాకు నవ్వు రాలేదు. ఇందులో నవ్వడానికేముంది? ఒక ఆడపిల్ల తన రెండేళ్లను తనకోసం అట్టే పెట్టుకోవడానికి 46 గంటల గోడ కట్టుకోవాల్సి వస్తోందంటే, తప్పు ఆ పిల్లది కాదు. ఆ రెండేళ్లను మామూలుగా ఇవ్వలేని పెద్దలది. కానీ ఆ గోడ వెనక దాక్కుంటే లోపల తానే నలిగిపోతుంది. పైగా రెండు డిగ్రీలైనా గడిచేది అవే రెండేళ్లు! ఆ తర్వాత సంబంధాలు మళ్లీ వస్తాయి. అప్పుడు చేతిలో మంచి మార్కుల ఎం.కాం., ఒక చిన్న జీతం ఉంటే, ‘ఇప్పుడు కాదు’ అనే మాటకు బలం ఉంటుంది. జీతం ఇచ్చే ఆ బలం రెండు అరకొర సర్టిఫికెట్లు ఇవ్వలేవు.

ఒకేసారి కాదు, మన వీలులో

అలాగని ఎం.బి.ఎ. వద్దని నేను అనను. మన అడవి ప్రాంతపు ఆడవాళ్లకు దూరవిద్య చేసిన మేలు అంతా ఇంతా కాదు. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో పుట్టింది. ఇప్పుడు దాన్ని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో పిలుస్తున్నాం. ఆ తర్వాత 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. పెళ్లయి చదువాగిన వాళ్లు, ఉద్యోగం చేస్తున్నవాళ్లు, కాలేజీ అందని ఊళ్లలో ఉన్నవాళ్లు తమ వీలు చూసుకుని చదవాలనే వీటిని పెట్టారు. ఇగ్నోలో రెండేళ్ల ఎం.బి.ఎ.ను నాలుగేళ్ల వరకు పూర్తి చేసుకోవచ్చు. అంటే దూరవిద్యలో మనకున్న అసలు సౌకర్యం తొందర కాదు, నిదానం. ఆ సౌకర్యాన్ని వదులుకుని రెండింటినీ రెండేళ్లలో కుక్కేయాలనుకోవడం, గంపెడు ఇప్పపువ్వును గుప్పిట్లో పట్టాలనుకోవడమే.

అందుకే ఆ అమ్మాయికి చెప్పాను. ఎం.కాం.లో చేరు. మొదటి ఏడాది మార్కులు చూసుకో. 60 దాటాయంటే, అప్పుడు ఎం.బి.ఎ.కి కట్టు, నాలుగేళ్లలో పూర్తిచేస్తే చాలు. దాటకపోతే రెండోది మరిచిపో. సారపాక ఆవిడకు ఇంకో మాట చెప్పాను. ముందు ఒక్కటే కట్టండి, అది కూడా మీ ఇంట్లోవాళ్లు వారానికి 23 గంటల పని పంచుకుంటామని ఒప్పుకున్నాకే. ఒట్టి మాట సరిపోదు. ఎవరు ఏ పూట వంట చేస్తారో గోడ మీద క్యాలెండర్‌లో రాయండి.

ఇంకొక మాట. వ్యాపారం చదువుకునే పిల్లకు ఇక్కడ బడి కానిది ఏముంది? ఖమ్మం మిర్చి మార్కెట్ ఉంది. గిరిజన సహకార సంస్థ తేనె, చింతపండు కొనే తీరు ఉంది. భద్రాచలంలో గిరిజన మహిళలు చిరుధాన్యాలతో బిస్కెట్లు చేసి అమ్ముతున్నారు. ఒకప్పుడు పొలాల్లో కూలికి వెళ్లినవాళ్లు వాళ్లు. 2025 జూన్‌లో ప్రధాని తన ‘మన్ కీ బాత్’లో వాళ్ల గురించి చెప్పారు. ఒక ప్యాకెట్ తయారుకు అసలు ఎంత ఖర్చవుతోంది, ఎంతకు అమ్మితే మిగులుతుంది, జి.ఎస్.టి. ఎలా కట్టాలి, అప్పు మీద ఇచ్చిన సరుకు డబ్బు ఎన్నాళ్లకు తిరిగొస్తుంది... ఇలాంటి లెక్కలు తేల్చగల అమ్మాయి ఏ మహిళా సంఘానికైనా కావాలి. సెలవుల్లో రెండు నెలలు అలాంటి చోట కూర్చుని ఖాతాలు రాస్తే, అది రెండో డిగ్రీకి తీసిపోని చదువు. ఆ అనుభవంతో తర్వాత ఎం.బి.ఎ.కి వెళితే పుస్తకంలో ఉన్నది అర్థమవుతుంది కూడా.

ఒకేసారి రెండు చేయగల వాళ్లు లేరా అంటే, ఉంటారు. ఏ డిగ్రీ ఏ పనికో స్పష్టంగా తెలిసి, ఊరికి దగ్గర్లో కాలేజీ ఉండి, ఇంట్లో ఆసరా ఉండి, అకౌంట్లలో గట్టి పునాది ఉన్న పిల్ల నిక్షేపంగా చేయవచ్చు. వాళ్లను ఆపాలని నా ఉద్దేశం కాదు. కానీ దరఖాస్తు నింపేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ రెండు డిగ్రీలూ రెండు వేర్వేరు తలుపులు తెరుస్తాయా? వారానికి 46 గంటలు ఎక్కడి నుంచి తెస్తాను? ఒకదానిలో మార్కులు పడిపోతే దేన్ని వదులుకుంటాను? మూడింటికీ జవాబు రాయగలిగితే ధైర్యంగా చేరండి. మూడో ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోతే, ఒక్కటే చాలు.

తల్లిదండ్రులకూ ఒక మనవి. మీ అమ్మాయి రెండు దరఖాస్తులు పట్టుకుని ముందుకొస్తే, ‘మా బిడ్డ ఎంత తెలివైందో’ అని మురిసిపోయే ముందు, ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ఎందుకమ్మా రెండూ అని అడగండి. చదువు మీద ప్రేమతోనైతే ఆ పిల్లకు కావలసినంత కాలం ఇవ్వండి. మీ తొందరకు భయపడి అయితే, ఆ తొందర తగ్గించుకోండి. అప్పుడు చాలామంది అమ్మాయిలకు రెండో దరఖాస్తుతో పనే ఉండదు.